ఏసేపు బండల కంచె

ఆత్మకూరు దాటి నల్లమల వైపు పోతే, తారురోడ్డు అయిపోయిన చోట మా పల్లె వస్తుంది. నలభై ఇళ్లు, ఒక ప్రభువు గుడి. ఇళ్ల వెనక మెట్టచేలు, చేల వెనక అడవి. ఆ నలభై ఇళ్లలో ముప్పైకి పైగా ఇళ్ల కంచెలు ఒక్క మనిషి చేతి మీదుగా లేచినవే. అతని పేరు ఏసేపు. నాకు చిన్నాయన వరస.

ఏసేపుకు భూమి లేదు. కుర్రతనం నుంచి కంప కొట్టి కంచెలు కట్టడమే పని. కంపచెట్టును మొదలుకంటా నరికి, పంగలకర్రతో ఎత్తి, ముల్లులో ముల్లు చిక్కుకునేలా పేర్చి, పైనుంచి మొద్దుతో అదిమేవాడు. అతను కట్టిన కంచెలో పిల్లి దూరాలన్నా తోక వదిలేసి పోవాలని ఊళ్లో అనుకునేవాళ్లం. అడవిపంది ఆ దరిదాపులకు వచ్చేది కాదు. చిరుతపులి కూడా ముళ్లు చూసి వెనక్కి తిరిగేది. సాయంత్రం అతని భార్య జీవమ్మ వాకిట్లో కూర్చుని, పిన్నీసుతో అతని అరచేతుల్లో ముళ్లు తీస్తుండేది.

జీవమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు ఈడ్చి నడిచేది. తాను పనికి పోతే ఇంట్లో ఒంటరిగా ఉంటుందని ఏసేపుకు బెంగ. అందుకే అన్ని ఇళ్లకంటే తన ఇంటి కంచెను గట్టిగా, ఆమె తలకు మించిన ఎత్తున కట్టాడు. లోపలికి, బయటికి ఒకటే దారి. దానికీ కంప తడికే.

ముందటేడు మార్చి నెల. మిరపకోతలు. నడవగలిగిన వాళ్లంతా చేలల్లో ఉన్నారు. మధ్యాహ్నం అడవిలో పొగ లేచింది. ఎండాకాలంలో ఏటా చూసేదే కాబట్టి ఎవరూ తల తిప్పలేదు. ఉన్నట్టుండి గాలి మళ్లింది. ఎండిన బోదగడ్డి మీద మంట పరుగుతీసి చేనిగట్లకు, చేనిగట్ల కంప నుంచి మా ఇళ్ల కంచెలకు వచ్చింది. మా కంచెలన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉండేవి. నిప్పు వాటిని పట్టుకుని ఇంటి నుంచి ఇంటికి నడిచింది.

ఏసేపు చేలోంచి పరుగెత్తుకొచ్చేసరికి తడిక అంటుకుంది. కొట్టం పైకప్పు కూడా అంటుకుంది. పంగలకర్ర గుచ్చి కంచెను పెరకబోయాడు. ముప్పై ఏళ్లుగా ఊడకుండా కట్టడమే నేర్చిన మనిషి. ఒక్క మండ కూడా ఊడి రాలేదు. నలుగురు వచ్చి గడ్డపారలతో లాగి దారి చేసేటప్పటికి జీవమ్మ నీళ్లతొట్టి పక్కన పడి ఉంది.

కర్నూలు పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు బతికింది. చివరలో ఒకరోజు కాస్త మాట వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"వాకిలి యాడుండాదో కనపడ్లేదయ్యా," అంది. "చుట్టూ తడుముకుంటా తిరిగినా. యాడ చూసినా కంచెనే."

ఏసేపు మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఆమే, "నువ్వు కూడు తిన్యావా?" అని అడిగింది. అతను బయటికి పోయి వరండాలో గోడకు తల ఆనించుకున్నాడు.

ఆమెను మన్ను చేసిన తర్వాత నెల రోజులు ఏసేపు ఎవరింటికీ పోలేదు. ఒక పొద్దున మా ఇంటికొచ్చి గడప బయటే కూర్చున్నాడు. నేను అంగన్‌వాడీలో పని చేస్తాను, ఆదివారాలు గుడిలో పిల్లలకు పాఠాలు చెప్తాను. ఊళ్లో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు.

"మహిమా, నీ ఫోన్లో చూసి చెప్పు పాపా. కాలని కంచె ఏముంటాది?"

చూపించాను. రేకుల కంచె, ఇనుప జాలీ, ఇటుక గోడ, రాతి బండలు. ఒక్కో బొమ్మనూ చాలాసేపు చూశాడు. రేకును గాలి ఎత్తుకుపోతుందన్నాడు. జాలీ కాలదు గానీ దానికి ఆకులు, తీగలు చిక్కి ఎండుతాయని, సందుల్లోంచి మంట ఇవతలికి నాలుక చాపుతుందని అన్నాడు. గోడ తన వల్ల అయ్యే పని కాదు. బండ బొమ్మ దగ్గర వేలు ఆగింది.

"బేతంచెర్లలో పగిలిన బండలు కుప్పలు పోసింటారు. నేను చూసినా," అన్నాడు.

ఆ వానాకాలమంతా బేతంచెర్లలో ఒక బండల పాలీషు ఫ్యాక్టరీలో మోత పని చేశాడు. కూలీ వద్దు, పగిలిన బండలు ఇవ్వమని అడిగాడట. పండగకు కూడా ఇంటికి రాలేదు. చలికాలం మొదట్లో ఒక ట్రాక్టరు నిండా బండలు వేసుకుని దిగాడు. కాలిపోయిన తన ఇంటి చుట్టూ మోకాలి లోతు గుంతలు తవ్వి, బండ పక్కన బండ, సందు లేకుండా నాటాడు. రెండు వైపులా రెండు దారులు వదిలి రేకు తలుపులు పెట్టాడు. లోపలా బయటా నేలను గడ్డిపోచ లేకుండా గీకేశాడు. కొట్టం మాత్రం మళ్లీ వేసుకోలేదు. లోపల ఒక రేకు కింద పడుకునేవాడు.

అది అయ్యాక ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. తాను కట్టిన కంచెలను తానే పెరికేస్తానని, కొంచెం కొంచెంగా బండలు తెచ్చి నాటిపెడతానని బతిమాలాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. నేనూ చూద్దాంలే అన్నాను. నా ఇంటి చుట్టూ ఉన్నదీ ఆయన కట్టిన కంపే.

ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక గుడి ముందర జనాన్ని ఆపాడు. ఒక పక్క కంప మోపు, ఒక పక్క ఎండుగడ్డి మధ్య నిలబెట్టిన బండ. రెంటికీ నిప్పు పెట్టాడు. కంప మేం వెనక్కి జరిగే లోపలే మండిపోయింది. బండ చుట్టూ గడ్డి కాలుతుంటే, అందరం చూస్తుండగా, అది టపామని పేలి నిలువునా చీలింది. అంచు నుంచి రెండు పెచ్చులు ఎగిరిపడ్డాయి. వెనక ఎవరో నవ్వారు.

ఏసేపు పగిలిన బండ దగ్గరికి పోయాడు. "పగిలింది గానీ అంటుకోలే," అన్నాడు. "చూడండప్పా. ఇంగా నిలబడే ఉండాది."

అతని అల్లుడు యేసుప్రసాద్ ముందుకొచ్చాడు. ఏసేపు ఒక్కగానొక్క కూతురు కృపారాణి మొగుడు. మేకలు మేపుతాడు, మంచివాడు.

"మామా, నిప్పు ఏడాదికో రెండేండ్లకో వస్తాది. పులి వారం వారం వస్తాది. బండ మీద నుంచి అది ఒక్క దూకు దూకుతాది. ముళ్లయితే దూకదు. ఇంట్లో ఏడాది బిడ్డ ఉండాది. నన్నేం చేయమంటావు?"

"బిడ్డ ఉండాదనే నాయనా అడుగుతాండేది," అన్నాడు ఏసేపు. గుడి మెట్ల మీద కూర్చుని, అందరూ వెళ్లిపోయే దాకా ఆ పగిలిన బండనే చూస్తుండిపోయాడు.

నిరుడు మార్చి ఆఖరులో నిప్పు మళ్లీ వచ్చింది. ఈసారి పొద్దున పదింటికే. అంగన్‌వాడీలో ఏడుగురు పిల్లలున్నారు. పొగ చూసి వాళ్లను ఎక్కడికి తీసుకుపోవాలో నాకు తోచలేదు. రోడ్డు వైపు కంచెలు అప్పటికే అంటుకున్నాయి. ఏసేపు వీధిలో పరుగెత్తుతూ కనిపించాడు.

"నా బండల్లోకి పోండి. తలుపులు తీసే ఉండాయి. పోండి," అని అరుస్తున్నాడు.

తాను మాత్రం కూతురింటి వైపు పోయాడు. తడిక దగ్గర మంట. లోపల కృపారాణి బిడ్డను చంకనేసుకుని అటూ ఇటూ పరిగెడుతోంది. ఇంటి వెనక, కంచె ఇంకా అంటుకోని చోట, ఏసేపు కొడవలితో మండలు నరికి చేతులతో లాగడం మొదలుపెట్టాడు. ఆ కంచెను కూతురి పెళ్లయిన ఏడాది కట్టాడు. ఎక్కడ ఏ మండ దేనికి చిక్కుకుందో ఆయనకే తెలుసు. సగం లాగేసరికి మంట అక్కడికీ వచ్చింది. ఆయన వదల్లేదు. కాలుతున్న మండలనే పట్టుకుని లాగాడు. మనిషి వంగి దూరేంత సందు అయింది. బిడ్డను ముందు అందుకున్నాడు, తర్వాత కూతురిని రెక్క పట్టి ఈడ్చాడు.

"నాయనా, నీ చేతులు," అంది కృపారాణి.

"నడువ్. మాట్లాడొద్దు, నడువ్."

ఆ రోజు ఊరంతా ఆ బండల మధ్యలో నిలబడింది. మేకలు, బర్రెలు, ముసలివాళ్లు, నా ఏడుగురు పిల్లలు. జీవమ్మ పడిపోయిన చోటే నేను వాళ్లను కూర్చోబెట్టాను. చుట్టూ బండలు ఒక్కొక్కటే టపటపా పగులుతుంటే పిల్లలు నా చీర పట్టుకుని వణికారు. పగిలినవి పగిలినట్టే నిలబడ్డాయి. తొమ్మిది ఇళ్లు కాలిపోయాయి. నాదీ కాలింది. మనిషి ఒక్కరూ పోలేదు.

ఏసేపు చేతులు మానడానికి నాలుగు నెలలు పట్టింది. మానాక కూడా వేళ్లు లోపలికి ముడుచుకుని ఉండిపోయాయి. గ్లాసు పట్టుకోలేడు. కృపారాణి ముద్దలు చేసి పెడుతుంది. తర్వాత పదకొండు ఇళ్లవాళ్లు బండలు తెచ్చుకున్నారు, అల్లుడు కూడా. ఎంత లోతు తవ్వాలో, ఎక్కడ దారి వదలాలో ఆయన పక్కన నిలబడి చెప్పేవాడు. ఆ కొన్ని నెలలు ఆయన ముఖంలో కాస్త జీవం కనిపించింది.

క్రిస్మస్ అయిన వారానికి చిరుత వచ్చింది. యేసుప్రసాద్ ఇంట్లో బండల మీదుగా దూకి రెండు మేకలను కొట్టింది. ఒకదాన్ని బిడ్డ పడుకునే గదికి నాలుగడుగుల దూరంలో వదిలేసి పోయింది. మూడో రోజు అల్లుడు బండల పైన వరసగా కంప పేర్చడం మొదలుపెట్టాడు. అది చూసి పక్కింటివాళ్లూ పేర్చారు.

ఏసేపు వచ్చి కింద నిలబడ్డాడు.

"ప్రసాదూ, తీసెయ్ నాయనా. పైన పెట్టినా కంప కంపే. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి దారి అవుతాది."

యేసుప్రసాద్ పంగలకర్ర దించాడు. కోపం తెచ్చుకోలేదు. "సరే మామా, తీసేస్తా. మరి పులికి ఏం చేయాలో నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తా."

ఏసేపు బండల వరసను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. నేను వీధిలోనే ఉన్నాను, ఆయన ఏదో ఒకటి చెప్తాడనే అనుకున్నాను.

"నాకు తెల్దు నాయనా," అన్నాడు.

వంకర పోయిన చేతులతో ఒక మండను లాగబోయాడు. వేళ్లు దాన్ని పట్టుకోలేదు. కృపారాణి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. అల్లుడు మళ్లీ పంగలకర్ర ఎత్తాడు.

ఇది ఫిబ్రవరి. అడవిలో బోద ఎండి తెల్లబడింది. నిన్న అంగన్‌వాడీకి పోతుంటే ఏసేపు కూతురింటి బండల కింద చేరిన ఎండుటాకులను కాలితో దూరంగా తోస్తూ కనిపించాడు. గాలి వాటిని మళ్లీ తెచ్చి అక్కడే వేస్తోంది. "కూర్చో చిన్నాయనా, నేను ఊడుస్తా," అన్నాను. ఆయన ఆకులు తోస్తూనే ఉన్నాడు. నేను చీపురు తెచ్చి ఆయన పక్కన ఊడవడం మొదలుపెట్టాను.