సిలోను పోయొచ్చిన మా అక్క

మా అక్క పోయిందని మొన్న మంగళవారం పొద్దున ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. కాఫీ కలుపుకుని పోయి పిలిస్తే పలకలేదట. నిద్రలోనే అయిపోయిందన్నారు. ఫోన్ పెట్టేసి కూర్చున్నాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. ఇంత సుళువైన చావు కూడా తనకే దక్కిందే అనుకున్నాను. డెబ్బై దాటిన మనిషిని, అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. కానీ ఈ నాలుగు ముక్కలు రాయాలంటే అక్కడినుంచే మొదలుపెట్టాలి. అక్క అంటే నాకు ప్రాణం. చిన్నప్పటినుంచీ అక్కను చూసి ఏడ్చిందీ నేనే.

అక్క మా పెదనాయన కూతురు. నాకంటే ఏడాదిన్నర పెద్ద. నెల్లూరులో వాళ్ళకు బియ్యం మిల్లు. ఇందుకూరుపేటలో మాకు నాలుగెకరాల వరి. అక్కకు రిబ్బన్లు మద్రాసునుంచి వచ్చేవి, అక్క కట్టి విడిచినవి నాకు వచ్చేవి. అయితే తను విడిచినవాటిలా ఇచ్చేది కాదు. ఉతికి, నిప్పులు పోసిన చెంబుతో ఇస్త్రీ చేసి, మడిచి ఇచ్చేది. "నీ జడ పొడుగు, నీకే బాగుంటాయి" అనేది. ఆ మంచితనానికీ నాకు ఒళ్ళు మండేది.

అక్కకు లేనిది నాకు ఒక్కటే ఉండేది, సముద్రం. వేసవి సెలవులకు తను మా ఇంటికొస్తే బండి కట్టుకుని మైపాడు పోయేవాళ్ళం. నేను అలల్లోకి దూకేదాన్ని. తను మోకాళ్ళ లోతులో ఆగిపోయి నన్ను చూస్తూ నిలబడేది.

అరవై రెండో, అరవై మూడో. పెదనాయన తెచ్చిన ఇంగ్లీషు పత్రికలో ఒక ఫొటో చూసినాం. తెల్లవాళ్ళు పొడుగాటి పలకల మీద నిలబడి అల మీద జారి వస్తున్నారు. నిజానికి మైపాడులో వేటకు పోయినవాళ్ళు తెప్పల మీద రోజూ అట్లాగే ఒడ్డుకొస్తారు. అయినా పత్రికలో చూసేసరికి మాకు పిచ్చెక్కింది. వడ్రంగి చేత బూరుగు పలక ఒకటి చెక్కించుకున్నాం. నెల తిరక్కుండా నేను దానిమీద బోర్లా పడుకుని ఒడ్డుదాకా వచ్చేదాన్ని. అక్క మూడుసార్లు ఉప్పునీళ్ళు తాగి మానుకుంది. నిలబడటం మాత్రం ఇద్దరికీ రాలేదు.

మరుసటేడు వేసవిలో కొలంబోలో ఉండే పెదనాయన స్నేహితుడు వాళ్ళను సిలోను రమ్మని రాసినాడు. ధనుష్కోటి రేవు తుఫానుకు పోకముందు మాట ఇది. మద్రాసులో రైలెక్కి, ధనుష్కోటిలో ఓడెక్కితే సిలోను. సముద్రపుటొడ్డున బంగళా, పదిరోజులు. అక్కడ అల మీద నిలబడటం నేర్పేవాళ్ళున్నారట. అక్క వచ్చి పలక అడిగింది. నన్నూ తీసుకుపొమ్మని తను రెండుపూటలు అన్నం మానేసిందన్న సంగతి పెద్దమ్మ చెబితే చాలా ఏళ్ళకు తెలిసింది.

పలక ఇచ్చినాను. ఇచ్చి, ఆ పదిరోజులూ అమ్మ దీపం పెడుతుంటే పక్కన నిలబడి, అక్క మాత్రం ఆ పలక మీద నిలబడకూడదని దండం పెట్టుకున్నాను.

తిరిగొచ్చి పలక ఇవ్వడానికి మా ఇంటికొచ్చినప్పుడు అక్క ఎండకు కమిలిందేమీ లేదు. పోయినప్పుడెట్లా ఉందో అట్లాగే ఉంది. నాకది తట్టలేదు. నిలబడినావా అని అడిగినాను. నా మొహంలోకి కాసేపు చూసింది.

"నిలబడినానే. ఒక్కసారి."

నవ్వి పలక అందుకున్నాను. నాలుగురోజులు ముద్ద దిగలేదు. అయిదోరోజు ఎవరికీ చెప్పకుండా పలక తీసుకుని మైపాడు పోయే బండెక్కినాను. రెండుసార్లు పడిపోయినాను. మూడోసారి రెండు కాళ్ళూ పలకమీద ఆనినాయి. అంతే, పలక పైకి లేచి కణతకు కొట్టింది. తరువాత నాకు తెలియదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన దూకి జుట్టు పట్టుకుని లాగినాడట.

కబురందుకుని పెదనాయన అక్కను వెంటబెట్టుకుని వచ్చినాడు. తలకు కట్టుతో నేను మంచం మీద ఉన్నాను. ఎవరు చెప్పినారు నీకీ పని అని అందరూ నన్నే నిలదీస్తున్నారు. అక్కను ఎవరూ ఏమీ అడగలేదు. తనే లేచి మా నాయన ముందుకొచ్చింది.

"తప్పు నాది చిన్నాయనా. నేను నిలబడలేదు. అక్కడ సముద్రం పదిరోజులూ పొంగే ఉండింది. నన్ను కాలు కూడా పెట్టనీలేదు. దీనికి అబద్ధం చెప్పినాను."

పెదనాయన అందరి ముందే చెంపమీద కొట్టినాడు. అక్క కదల్లేదు. నా దండాల సంగతి చెప్పాల్సిన చోటు అదే. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించినాను. తప్పు నాదని అట్లా నిలబడి చెప్పగలగడం చూసినాక, ఇక సిలోను నా లెక్కలోనే లేదు. నాకు ఆనాటినుంచీ కుళ్ళంతా ఆ ధైర్యం మీదే.

ఎందుకు అబద్ధమాడినావని అడిగితే అక్క దుప్పటి సర్దుతూ చెప్పింది. "నిలబడలేదంటే నీ మొహంలో సంతోషం చూడాల్సొస్తుందని భయమేసిందే."

అంటే తనకు తెలుసు. అరవయ్యేళ్ళూ తెలుసు. కొత్త చీర కొన్నా, కొడుక్కి ఉద్యోగం వచ్చినా మొదటి కబురు నాకే పంపేది. "కుళ్ళుకుంటే నా పక్కన కూర్చుని కుళ్ళుకోవే, కాఫీ ఇస్తాను" అనేది. నేను పోయేదాన్ని. తాగేదాన్ని. ఆ దండం మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

సిలోను పోయొచ్చిన ఆ ఏడే బడి తెరిచేముందు, మొలలోతు దాటబోమని ఒట్టు వేయించుకుని మమ్మల్ని మైపాడు పోనిచ్చినారు. ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని దిగినాం. పెద్ద అల వస్తుంటే నేను అలవాటుగా దానికింద మునిగినాను. మునగడం చేతకాని అక్క పైకి ఎగిరింది. నీళ్ళలో కళ్ళు తెరిచి చూస్తే, పచ్చటి మసకలో, ఇసుకకు జానెడు పైన తన తెల్లటి పాదాలు రెండూ నేలకోసం తడుముకుంటున్నాయి. నా చెయ్యి మాత్రం తను వదల్లేదు.