బావ పొగకు ఒక పెట్టె

ఇంటికి వచ్చినవాణ్ణి ముందు గదిలో కూర్చోబెట్టడం లోకమర్యాద. గొట్టాలాయనకు ఆ మర్యాద ఏనాడూ దక్కలేదు. ఆయన్ని గుమ్మంలోంచి నేరుగా నేలమాళిగకో, అటక మీదికో, పాకితే తప్ప మనిషి పట్టని ఏదో ఒక సందులోకో పంపేవారు. వేసవిలో చల్లగాలినీ చలికాలంలో వేడిగాలినీ గదిగదికీ మోసుకెళ్ళే రేకు గొట్టాలు బిగించడం ఆయన వృత్తి. ఊళ్ళో సగం మంది పీల్చే గాలి ఆయన చేతుల మీదుగా పోయినదే. అయినా దారిలో కనబడితే ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళు లేరు. మోకాళ్ళు చూపిస్తే గుర్తుపట్టేవారేమో, ఇంటివాళ్ళకు ఎక్కువసేపు కనబడేవి అవే.

ఇళ్ళను లోపలినుంచి చూసినవాడు కావడంతో ఆయనకు మనుషుల మీద పెద్ద భ్రమలు లేవు. ముందు గది అద్దంలా మెరిసే ఇంట్లోనే, గొట్టం తెరిస్తే పిల్లి వెంట్రుకలూ, విరిగిన దువ్వెన పళ్ళూ, ఎవరో మింగినట్టు నటించి జారవిడిచిన మాత్రలూ బయటపడేవి. అన్నిటినీ సంచిలో వేసుకుని నోరు మెదపకుండా వెళ్ళిపోయేవాడు. ఆ మౌనం వల్ల సగం పేరు, పని వల్ల మిగతా సగం వచ్చాయి. ఆయన బిగించిన అతుకు మీద సబ్బు నురగ రాసినా ఒక్క బుడగ లేచేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళనందుకు సంజాయిషీ చెప్పుకున్నట్టు, "ఖాళీ దొరకలేదండీ" అనేవాడు.

లోకంలో ఆయనకంటూ ఉన్నది ఒక అక్క, అక్కతోపాటు తప్పనిసరిగా వచ్చిన ఒక బావ. తల్లి పోయేనాటికి ఆయనది నిక్కర్లు తొడుక్కునే వయసు. కొత్తగా కాపురానికి వెళ్తున్న అక్క తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్ళింది. బస్సు డ్రైవరైన బావ కాదనలేదు. "రోజంతా జనాన్ని మోసి ఇంటికొస్తే, ఇక్కడా ఒకడు ఎక్కి కూర్చున్నాడు" అని జీవితమంతా దెప్పాడు గానీ, దింపే ప్రయత్నం మాత్రం ఎన్నడూ చేయలేదు.

బావకున్న వ్యసనం ఒక్కటే. దాన్ని మాత్రం పరమ నిష్ఠగా ఆచరించేవాడు. లేస్తూ ఒక సిగరెట్టు, లేచినందుకు ఇంకొకటి, తిన్నాక ఒకటి, తినడానికి ఆలస్యమైతే ఆ ఆలస్యానికి ఒకటి. అక్క జన్మలో ఒక్కటీ ముట్టించలేదు. కానీ బావ కాల్చిన ప్రతిదానిలోనూ ఆమెకు న్యాయంగా రావలసిన వాటా వచ్చింది. పిల్లలు లేని ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ సమానంగా పంచుకున్నది బహుశా అదొక్కటే.

బావ రిటైరయ్యేనాటికి అక్క నాలుగు మెట్లెక్కితే కూలబడుతోంది. డాక్టరు ఆమె ఊపిరితిత్తుల ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, తర్వాత బావ వేళ్ళు చూశాడు.

"ఇకమీదట ఇంట్లో పొగ ఉండకూడదు."

"ఉంటే?" అన్నాడు బావ.

"ఉంటే ఈవిడ ఉండరు."

బావ మానడానికి నిజంగానే ప్రయత్నించాడు. ఆ ప్రయత్నంలో ఒక కుర్చీ, రెండు కప్పులు, పక్కింటివాళ్ళతో ఉన్న స్నేహం విరిగాయి. సిగరెట్టు చెక్కుచెదరలేదు. చివరికి ఆయన తనకు తానే దేశబహిష్కార శిక్ష విధించుకుని పెరటి తలుపు అవతలికి వెళ్ళిపోయాడు. చలికాలం. కోటు తొడుక్కుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని, అద్దం తలుపుకు వీపు ఆనించి నిలబడేవాడు. ఒకటి అయ్యాక లోపలికొచ్చి ఇంకోదానికి మళ్ళీ బూట్లు తొడుక్కోవడం దండగనిపించింది. కొన్నాళ్ళకు ఒక కుర్చీ బయటికి వెళ్ళింది. దాని వెనక రేడియో వెళ్ళింది. ఆ వెనక భోజనం పళ్ళెం వెళ్ళింది.

అప్పుడు బావ కంటికి ఒక దుకాణంలో ఆ పెట్టె కనబడింది. వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్ గాలిగాడా! ఓ పెట్టె కొన్నాను. పొగని పట్టి పట్టి మింగేస్తుందట. నీ సరంజామా పట్టుకుని రా."

"ఏం పెట్టె బావా?"

"ఎలక్ట్రానిక్ ఎయిర్ క్లీనర్. పేరు విన్నావా? ఆ పేరు పలికేలోపే సగం పొగ పారిపోతుంది."

గదులన్నిటి గాలీ వెనక్కి వచ్చి హీటరులోకి దూరే పెద్ద గొట్టం ఒకటి ఆ చలి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పెట్టె కూర్చోవలసింది అక్కడ. గొట్టాలాయన నేలమాళిగలోకి దిగి, కరెంటు ఆపి, పాత ఫిల్టరు బయటికి లాగాడు. అది బావ వేళ్ళ రంగులోనే ఉంది. గొట్టం మీద గీత గీసి, రేకు కత్తెరతో కోసి, అంచులు మడిచాడు. పెట్టెను ఎత్తి ఆ ఖాళీలో కూర్చోబెట్టాడు. టార్చి పట్టుకునే బాధ్యత బావ తీసుకుని, పని జరుగుతున్న చోట తప్ప మిగతా అన్ని చోట్లా వెలుగు ప్రసాదించాడు.

"లోపలేముందిరా ఇందులో?"

"సన్న తీగలుంటాయి బావా. గాల్లో వచ్చే నుసికి కరెంటు అంటిస్తాయి. ఆ పక్కన రేకు పలకలుంటాయి. కరెంటు అంటిన నుసిని అవి లాగి పట్టేసుకుంటాయి."

"అంటే తీగలు పోలీసులు, పలకలు జైలు."

"అలాగే అనుకో."

"మరి పొగ? పొగ మొత్తం పట్టేస్తుందా?"

గొట్టాలాయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. నోరు తెరిచేలోగా మెట్ల పైనుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏమండీ! స్టవ్ మీద టీ పెట్టాను, పొంగిపోతోందేమో చూడండి. నేనటు వెళ్ళలేను."

బావ పైకి వెళ్ళాడు. అక్క కిందికి దిగింది. రెయిలింగు పట్టుకుని, మధ్యలో ఆగి, మళ్ళీ దిగి, వచ్చి తమ్ముడి పనిముట్ల పెట్టె మీద కూర్చుంది.

"ఎందుకు దిగావక్కా? పిలిస్తే నేనే వచ్చేవాణ్ణిగా."

"ఉండు. ఊపిరి రానీ."

వచ్చేదాకా ఆగి ఆయనే మొదలుపెట్టాడు. "ఇది లాభం లేదక్కా. నుసి పడుతుంది, జిడ్డు పడుతుంది, కంటికి గది తేటగా కనిపిస్తుంది. అసలు విషం గాలిలో గాలిగా ఉంటుంది. అది ఆ పలకల మధ్యనుంచి దర్జాగా నడిచొచ్చేస్తుంది. పైగా ఇది తన వంతుగా ఓ ఘాటు వదుల్తుంది, నీకు అదీ పడదు. బావకి చెప్పి విప్పేస్తాను."

"నాకు తెలుసు. డాక్టర్ని అడిగాను. ఇదే చెప్పాడు, కాకపోతే నీలా చేతులు తిప్పలేదు."

"తెలిసి కూడానా?"

"బిగించు."

"అక్కా!"

"నలభై ఏళ్ళు పోట్లాడుకోడానికి నాకో మనిషుండేవాడురా. ఇప్పుడు వీపుంది. అద్దంలోంచి చూస్తే వీపు, దాని మీద కాస్త పొగ. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ వీపుతో ఏం మాట్లాడను?"

"బావని మానమను."

"మానగలిగితే మానేవారు కాదూ? ఆ చలిలో ఎవరి కోసం నిలబడుతున్నారనుకున్నావ్?"

"లోపల కాలిస్తే నువ్వు..."

"బయట కాలిస్తే మాత్రం నూరేళ్ళు ఉంటానా? కొన్నాళ్ళ తేడా. ఆ కొన్నాళ్ళూ వీపుతో గడపలేనురా." ఆమె మళ్ళీ ఊపిరి కోసం ఆగింది. "నిజం తెలిస్తే ఆయన ఆ కుర్చీలోనే గడ్డకట్టుకుపోతారు గానీ గడప లోపలికి రారు. అందుకే చెప్పకు. నిన్ను పెంచానని నేనెప్పుడైనా ఏదైనా అడిగానా?"

అడగలేదు. ఒక్కసారి అడిగి ఉన్నా ఇప్పుడు కాదనడానికి ఆయనకు వీలుండేది.

బావ మూడు కప్పులతో దిగాడు. అక్కా తమ్ముడూ ముఖాలు చూసుకున్నారు. అప్పుడు బావ ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడని గొంతుతో, అంటే వేళాకోళం లేని గొంతుతో, అడిగాడు.

"ఏరా, దాచకుండా చెప్పు. ఇదుంటే నేను లోపల కూర్చున్నా మీ అక్కకి ఏం కాదు కదా?"

అక్క టీ చల్లార్చుకోవడానికి ఊదుతోంది. టీ కదలడం లేదు.

"ఏం కాదు బావా," అన్నాడు గొట్టాలాయన.

కుర్చీ, రేడియో, భోజనం పళ్ళెం సకల లాంఛనాలతో ఇంట్లోకి పునఃప్రవేశం చేశాయి. ఆ చలికాలమంతా ఆ ఇంట్లో మొగుడూపెళ్ళాలు తనివితీరా పోట్లాడుకున్నారు. పేకాడుకున్నారు. అక్క ముక్కలు దాచేది, బావ పట్టుకునేవాడు, తను దాచినవి మాత్రం మర్యాదకు విరుద్ధం కాదని వాదించేవాడు. నేలమాళిగలోంచి అప్పుడప్పుడు టప్పుమని చప్పుడు వచ్చేది, నుసి పలకలకు తగిలినప్పుడు నిప్పురవ్వ రేగే చప్పుడు. బావ చెయ్యెత్తి సభను నిశ్శబ్దం చేసి, "అదిగో, ఇంకొకణ్ణి లోపలేశారు!" అని ప్రకటించి, ఆ విజయోత్సాహంతో ఇంకొకటి ముట్టించేవాడు.

పలకలు నెలనెలా కడగాలి. అందుకు గొట్టాలాయనే వచ్చేవాడు. స్నానాల గదిలో తొట్టిలో సబ్బునీళ్ళలో ముంచగానే నీళ్ళు బురద రంగుకు తిరిగేవి. బావ తలుపు దగ్గర నిలబడి మురిసిపోయేవాడు.

"చూశావా, ఇదంతా మీ అక్క లోపలికి పోయుండేది!"

"అవును బావా."

నిజంగా లోపలికి పోయినదాన్ని చూపించే తొట్టి ఏదీ లేదు. అక్క మాటలు మాత్రం వచ్చిన ప్రతిసారీ కురచవుతున్నట్టు తమ్ముడికి తెలుస్తూనే ఉంది. మొదట వాక్యాలు మధ్యలో ఆగాయి. తర్వాత ఒక్కొక్క మాటే వచ్చేది. ఆ తర్వాత పేకముక్క బల్ల మీద కొట్టి చూపుతో తిట్టేది. ఒకసారి ఆయన సైగతోనే అడిగాడు, చెప్పెయ్యనా అని. ఆమె కళ్ళెర్రజేసింది, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినందుకు చేసినట్టే. చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఆసుపత్రి మంచం మీద, బావ చెయ్యి పట్టుకుని పోయింది. ముఖం ఆయన వైపే ఉంది.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక బావ బావమరిదిని నేలమాళిగలోకి పిలిచాడు. భార్య పోయిన నాటినుంచి ఆయన సిగరెట్టు ముట్టలేదు. మానలేనిది ఎలా మానాడని ఎవరూ అడగలేదు, అడిగే ధైర్యం లేక.

"లైటు వెలుగుతోంది," అన్నాడు, పెట్టెను చూపిస్తూ. పరీక్ష బటన్ నొక్కాడు. టప్పుమంది. "పని చేస్తోంది. చేస్తుంటే పొగ లేనట్టే కదా? పొగ లేకపోతే ఆవిడెందుకు పోవాలి?"

గొట్టాలాయన పెట్టె మూత మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"నువ్వు ఏం కాదన్నావు. అయింది. ఎందుకయిందో చెప్పు. లోపల కూర్చుని నేనే చంపుకున్నానా దాన్ని?"

దానికి ఉన్న జవాబు అక్క తమ్ముడి దగ్గర దాచి వెళ్ళినది. అది విప్పితే, తెలిసే ఒప్పుకుందన్న సంగతితో సహా, ఈ ముసలాయన దాన్ని మోస్తూ ఎన్నాళ్ళు బతకాలో అన్నాళ్ళూ బతకాలి. గొట్టాలాయన ఆ నలుచదరపు పెట్టె వైపు చూశాడు.

"నా తప్పు బావా. తీగలూ పలకలూ ఉండే లోపలి అర తిరగేసి పెట్టాను."

"అంటే?"

"గాలికి ముందు తీగలు ఎదురవ్వాలి, తర్వాత పలకలు. నేను పలకలు ముందుకి పెట్టాను. కరెంటు అంటకముందే చాలావరకు దాటిపోయింది."

"మరి ఆ బురద నీళ్ళు?"

"ఎంతో కొంత పడుతుంది. పట్టాల్సినంత పట్టలేదు."

"ప్రతి నెలా కడిగావు. ప్రతిసారీ తిరగేసే పెట్టావా?"

"ప్రతిసారీ."

బావ చెయ్యి లేచింది, గాల్లోనే ఆగింది. కొట్టి ఉంటే ఇద్దరికీ కాస్త తేలికగా ఉండేది.

"సొంత అక్కరా," అన్నాడు. "ఊళ్ళోవాళ్ళందరికీ సరిగ్గా పెట్టావు. సొంత అక్కకి..."

రేపటినుంచి ఈ మాట వీధివీధికీ వెళ్తుందని, వెళ్ళాక తనను ఏ నేలమాళిగలోకీ ఎవరూ పిలవరని గొట్టాలాయనకు తెలుసు.

"నిలబడి చూస్తావేం? సరిచెయ్యి. నా కళ్ళ ముందు చెయ్యి."

ఆయన స్విచ్ ఆపి, మూత తీసి, అరను బయటికి లాగాడు. తీగలు గాలి వచ్చే వైపే, ఉండవలసినట్టే ఉన్నాయి. అరను చేతుల్లో అటువైపుది ఇటువైపుకు తిప్పాడు. ఇన్నేళ్ళ పనిలో మొదటిసారి ఒక వస్తువును తప్పుగా లోపలికి తోశాడు. అలవాటు కొద్దీ, గట్టిగా కూర్చుందో లేదో అని నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి చూశాడు. మూత పెట్టి స్విచ్ వేశాడు. పచ్చలైటు వెలిగింది.

"ఇప్పుడు సరిగ్గా ఉందా?" అన్నాడు బావ.

"ఉంది బావా."