ఇటుకపొడితో తోమిన పండ్లు

పొద్దున్నే నీళ్ళ ఆటో వచ్చి క్యాను దించిపోతుంది. మూత తీయగానే గుప్పుమనే ఆ ప్లాస్టిక్ వాసనకు నాకు ఒళ్ళు మండుతుంది. కుందుర్పి దగ్గర మా ఊళ్ళో నీళ్ళ వాసనంటే తడిసిన చేంతాడుది, కొత్త కుండది.

చేదబావి నీళ్ళు తాగి పెరిగినదాన్ని నేను. కార్తీకంలో అప్పుడే పీకిన పచ్చి చెనక్కాయలు ఒడినిండా పోసుకుని, బావిగట్టు మీద ఒలుచుకు తింటూ, మట్టి నాలుకకు తగిలితే అక్కడే పుక్కిలించేవాళ్ళం. ఆ చెనక్కాయే కొంప ముంచింది. మోటారుకు సర్కారు రాయితీ ఇచ్చె, నూనెమిల్లు షావుకారు కళ్ళంలోకే లారీ పంపె, ఇంకేం, ఆ పంట కోసం చేనుకొక బోరు పడింది. బావి ఎండిపోయింది.

అప్పుడు సర్కారు వాళ్ళు వీధిలో చేతిబోరింగు వేశారు. చెల్లెలు ఇంకా చంకలో పిల్ల. అమ్మ ఓళిగలు చేసి, బోరింగుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. నాయన మొదటి బిందె కొట్టి, "ఇంగ మన కష్టం తీరినట్లేప్పా!" అన్నాడు.

చెల్లెలికి పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చాయి. పసుపుపచ్చని చారలతో, గోధుమ మచ్చలతో వచ్చాయి.

"తోముకునేదానికి ఇంత సోమరితనమా? మీ అక్కను చూడు!" అని అమ్మ దాని వీపు మోగించేది. నా పండ్లు తెల్లన మరి! అది బావి నీళ్ళ చలవని ఎవరికి తెలుసు? నేను తెగ నీలిగేదాన్ని. ఇటుక ముక్కను మెత్తగా దంచి ఇచ్చే పని నాదే. అమ్మ ఆ పొడితో చిగుళ్ళు నెత్తురు కారేదాకా రుద్దేది. సంతలో మైకు పెట్టుకుని పండ్లపొడి కంపెనీవాడు, "నెల దినాలకు మల్లెమొగ్గలే!" అంటే, కోడిపెట్టను అమ్మి డబ్బా కొన్నది. మచ్చలు చచ్చినా పోలేదు. మా వీధిలో చిన్నపిల్లలందరికీ అవే మచ్చలు, ఆ ఇళ్ళన్నిట్లో అవే దెబ్బలు.

కొన్నేళ్ళకు ఎవరో ఆఫీసరు వచ్చి తాగకూడదనే గుర్తుగా బోరింగుకు ఎర్ర రంగు పూయించాడు.

"ఈ నీళ్ళల్లో ఫ్లోరైడు ఉండాది. పిల్లోళ్ళ పండ్లు దీంతోనే చెడిపోయినాయి. పైకి ఎప్పుడో రాసినాం గదమ్మా," అన్నాడు.

"పైకి రాసినారా? తాగేటోళ్ళం మేం ఈడుంటే, మాకు చెప్పేదానికి నోరు రాలేదా సారూ?" అంది అమ్మ. ఆయన జీపెక్కాడు.

అమ్మ చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఊరికే కొడితినే నా బిడ్డను!" అని గొల్లుమంది. నేను తలుపు వెనకాల నిలబడ్డాను. నా సిగ్గు ఇన్నేళ్ళయినా తీరలేదు.

ఇప్పుడా బావి లేదు. దాన్ని పూడ్చి, పైన నీళ్ళ ప్లాంటు కట్టి, మా నీళ్ళు మాకే అమ్ముతున్నారు. చేంతాడు పేనేవాళ్ళూ లేరు.

మొన్న గోరంట్లలో చెల్లెలింటికి పోయాను. దాని కొడుకేదో కోతిచేష్ట చేస్తే పకపకా నవ్వబోయి, అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు దాని దగ్గరే ఉంటున్న మా ముసలి అమ్మ మెల్లగా లేచి వచ్చి ఆ కొంగు కిందికి లాగింది.

"నగు పాపా, బాగా నగు. తప్పు నాది."

"నీది గాదులేమ్మా," అంది చెల్లెలు. అనేలోపే కొంగు మళ్ళీ నోటి మీదికి వచ్చేసింది.