గోడవైపు తిరిగిన తంబూర

నా చిన్నప్పుడు భైంసాలో మా ఇంటి ముందు గదిలో దూలాలకు ముప్పై దాకా సొరబుర్రలు వేలాడుతూ ఉండేవి. కూర వండుకునే సొరకాయలు కావవి. ఒక్కొక్కటి మనిషి తలకాయకు రెండింతలుండేది. గోదావరి అవతలి నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చి, మా దూలాల కింద రెండేళ్లు ఎండి, ఆ తర్వాత తంబూరలయ్యేవి. ఆ దుకాణం పెట్టింది మా ముత్తాత. ఊరంతా ఆయన్ను పెద్దాయన అనే పిలిచేది. నేను పుట్టకముందే పోయాడు గానీ, పోయినట్టు మా ఇంట్లో ఎవరూ నడుచుకునేవారు కాదు.

ఆ గదిలో మసలడానికి ఒక పద్ధతి ఉండేది. గొంతెత్తి మాట్లాడకూడదు. మిట్టమధ్యాహ్నం ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే బుర్రలు ఆ పేరు నేర్చుకుంటాయని మా అవ్వకు, అంటే అమ్మకు, భయం. నవ్వకండి. ఎప్పుడైనా అవ్వ మరిచిపోయి వంటింట్లోంచి నన్ను కేకేస్తే, ఆ కేక ఆగిన తర్వాత కూడా ముందు గదిలో సన్నటి మోత ఒకటి మిగిలిపోయేది. ఒకే శ్రుతిలో ఉన్న తీగలు దూరం నుంచే ఒకదానికొకటి పలుకుతాయని, ఇందులో దయ్యమూ లేదు భూతమూ లేదని తర్వాత బడిలో చదువుకున్నాను. చదువుకున్నానని ఆ మోతంటే భయం పోయిందా అంటే, పోలేదు.

ఆ గదిలో పడమటి గోడకు పెద్దాయన తన చేత్తో చేసుకున్న మొదటి తంబూర వేలాడేది. దాని ముఖం గోడవైపు, వీపు మావైపు. అమ్మకానికి లేని వాద్యం ముఖం చూపించకూడదని ఆయన పెట్టిన కట్టుబాటు. దాని ముఖం ఎట్లా ఉంటుందో నేను పదేళ్లు వచ్చేదాకా చూడనేలేదు. నెలకోసారి మా తాతయ్య మమ్మల్నందరినీ బయటికి పంపి, తలుపు మూసుకుని, దాన్ని దించి శ్రుతి సరిచేసి మళ్లీ అట్లాగే తగిలించేవాడు. కొత్త తంబూర ఏది తయారైనా దాని ఎదుట పెట్టి మూడుసార్లు మీటాలి. మీటి, చేత్తో తీగలు అదిమేసి, ఊపిరి బిగబట్టి వినాలి. అప్పుడు గోడ వైపు నుంచి జవాబు రావాలి. వస్తే పెద్దాయన ఒప్పుకున్నట్టు. రాకపోతే ఆ తంబూర గడప దాటకూడదు, మళ్లీ విప్పి చేయాలి. ఆ సమయంలో గోడమీది తంబూరను ఎవరూ తాకకూడదు. తాకితే మోత చచ్చిపోతుంది.

పెద్దాయన ఇంకొక మాట కూడా చెప్పి పోయాడట. తన జవాబు వినలేనివాడు ఆ పీట మీద కూర్చోవద్దని, లేచి దుకాణం మూసేయాలని.

తాతయ్య కొడుకైన మా బాపుకు ఈ పని రాలేదు, వస్తుందని ఎవరూ అనుకోలేదు కూడా. ఆయన దుబాయి పోయాడు. మిగిలింది తాతయ్య ఒక్కడే. ఒకనాడు దూలం మీది బుర్ర ఒకటి తాడు తెగి సరిగ్గా ఆయన వెనకే పడి పగిలింది. నేను ఎగిరిపడ్డాను. తాతయ్య చేతిలో ఉలి మాత్రం ఆగలేదు. అట్లాగే వంగి చెక్కుతూనే ఉన్నాడు. కాసేపటికి తిరిగి పెంకులు చూసి, తర్వాత నా ముఖం చూశాడు. ఆ సాయంత్రం పెంకులన్నీ నేనే ఊడ్చి పారేశాను.

ఆ తర్వాత నుంచి కొత్త తంబూరను పరీక్షించేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. “జర నువ్వు గూడ విను బిడ్డా, ఇద్దరం విందాం,” అనేవాడు. మీటి, తీగలు అదిమి, నా వైపు చూసేవాడు. పలికిందా అని ఆయన కళ్లే అడిగేవి. మొదట్లో అన్నీ నిజంగానే పలికాయి. తర్వాత రెండు పలకలేదు. ఆ రెండింటికీ నేను పలికిందనే చెప్పాను.

ఎందుకు చెప్పానో నాకు బాగా తెలుసు. దుకాణం మూసేస్తే తాతయ్య నాందేడులో ఉన్న మా మేనత్త ఇంటికి పోతాడు, మేము అవ్వ పుట్టింటికి పోతాము. అవ్వ ఆ మాట పక్కింటామెతో అంటుంటే విన్నాను. తాతయ్య లేని ఇల్లు నాకు ఊహలోకి కూడా రాలేదు. అందుకని పెద్దాయన తరఫున నేనే జవాబు చెప్పేశాను. చచ్చిపోయిన మనిషి పేరుమీద అబద్ధమాడితే రాత్రి వచ్చి పీక పిసుకుతాడేమో అనుకున్నాను. ఎవరూ రాలేదు. దాంతో ధైర్యం వచ్చింది.

ఎండాకాలం మొదట్లో ముధోల్ వైపు నుంచి ఒక భజన మేళం పెద్ద వచ్చాడు. మా దగ్గర కొన్న తంబూరలో మోత లోపలే చచ్చిపోతుందని, పెద్దాయన తంబూరలు ఇట్లుండవని చాలా మర్యాదగా చెప్పాడు. తాతయ్య ఆయన పెదవులు చూస్తూ తలూపాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, తాతయ్య కొత్త తంబూర ఒకటి తెచ్చి గోడ ఎదుట పెట్టాడు. పత్తి కాలం అయిపోయి జిన్నింగు మిల్లు ఆగిపోయిన రోజులవి. బజారులో చప్పుడన్నది లేదు. ఎండకు కుక్కలు కూడా మొరగడం లేదు. దూలాల కింద బుర్రలు గాలి లేకపోయినా ఎందుకో కొద్దిగా కదులుతున్నట్టు అనిపించింది. తాతయ్య తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

మొదటిసారి మీటి అదిమాడు. గోడ వైపు నుంచి ఏమీ రాలేదు. వట్టి నిశ్శబ్దం.

“పలికిందా బిడ్డా?”

“పలికింది తాతా.”

రెండోసారి మీటాడు. ఈసారీ అంతే. నేను అదే మాట చెప్పాను, కాకపోతే ఇంకాస్త గట్టిగా.

మూడోసారి మీటి చేయి అడ్డం పెట్టాడు. అప్పుడు వినబడింది. గోడ వైపు నుంచే. లోపలి నుంచి ఎవరో పెదవులు విప్పకుండా పలికినట్టు, తగ్గు గొంతులో, ఒకే ఒక్క శ్రుతి. పుస్తకం ఒక పేజీ చదివేంతసేపు సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. నాకు అరికాళ్లు చల్లబడ్డాయి. సంతోషం కూడా వేసింది. చివరికి నిజం చెప్పే అవకాశం దొరికింది కదా.

“పలికింది తాతా, మస్తు పలికింది,” అన్నాను.

తాతయ్య లేచాడు. గోడమీది తంబూరను రెండు చేతులతో దించి, నా వైపు తిప్పాడు. దాని ముఖం చూడటం నాకదే మొదటిసారి. దానికి ఒక్క తీగ కూడా లేదు. తీగలు చుట్టే బిరడాలు ఖాళీగా ఉన్నాయి. ముందే విప్పి చుట్టలు చుట్టిన దాని నాలుగు తీగలు అంగీ జేబులోంచి తీసి నా ముందు చాపమీద పెట్టాడు.

నేను ఏడ్చాను. మొదటి రెండూ అబద్ధమని, అంతకు ముందు తంబూరలకు చెప్పింది కూడా అబద్ధమేనని, మూడోసారి మాత్రం నిజంగా వినబడిందని, ఒట్టు పెట్టి మరీ చెప్పాను. ఆయనకు నా మాటలన్నీ అందాయో లేదో తెలియదు. నా పెదవులే చూస్తూ ఉండిపోయాడు.

“ఎటుదిక్కుకెల్లి వచ్చింది?” అని అడిగాడు.

తంబూర వేలాడిన చోటు చూపించాను. అప్పటిదాకా నాకు భయం ఒక పాలు అయితే, ఆ తర్వాత ఆయన చేసింది చూసి రెండు పాళ్లయింది. తీగల్లేని ఆ బుర్రకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు కూర్చున్నాడు. ఇంట్లో నుంచి అవ్వ వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది.

చివరికి కళ్లు తెరిచి నా తల నిమిరాడు. కోపం లేదు. “పలికిందో లేదో నాకు తెల్వది బిడ్డా. నా చెవులు పోయినయ్. నీ చెవులు మంచిగున్నయ్ గాని, ఇంక నీకు గూడ తెల్వది.”

మర్నాడే తాతయ్య తన చెవులు మంచిగున్నప్పుడు చేసిన తంబూరలు రెండు దించి, బండి కట్టించుకుని బయలుదేరాడు. నా మాట మీద గడప దాటిన రెండింటినీ వెనక్కి తీసుకుని, వాటి బదులు ఇవి ఇచ్చి వచ్చాడు. వచ్చాక దుకాణం మూశాడు. మూసే ముందు ఉన్న వాద్యాలన్నింటికీ తీగలు సడలించాలి, లేకపోతే తంబూర మెడకర్ర, దండి, వంగిపోతుంది. ఆ పని నాతోనే చేయించాడు. బిరడా తిప్పిన కొద్దీ ఒక్కో తీగ మూలుగుతూ కిందికి దిగి, ఉన్నట్టుండి మూగబోయేది. చివరి తంబూర సడలించాక ఆ గదిలో అవ్వ నన్ను పేరు పెట్టి పిలిచింది. ఏ మోతా రాలేదు. అదే ఎక్కువ భయం వేసింది నాకు.

తాతయ్య నాందేడు పోయాడు. మేము అవ్వ పుట్టింటికి పోయాము. ఏది జరగకూడదని అబద్ధమాడానో అదే జరిగింది. ఆ చుట్టుపక్కల ఊళ్ల భజనల్లో పెద్దాయన దుకాణం తంబూరలు ఇప్పటికీ మోగుతున్నాయి. వాటిలో ఒక్కటి కూడా పలకనిది లేదని గుండెమీద చేయి వేసుకుని చెప్పగలను. అలా చెప్పగలిగేలా చేసింది మా తాతయ్య.

నేను పెద్దయ్యాక నర్సునై ఉట్నూర్ పక్క ఊళ్లలో చాలా ఏళ్లు చేశాను. గర్భిణుల కడుపు మీద గొట్టం ఆనించి లోపలి బిడ్డ గుండె చప్పుడు వినడం నా పని. ఇంటివాళ్లంతా నా ముఖంలోకే చూస్తూ నిలబడేవారు. అవునంటే వాళ్లకు నిద్ర పడుతుంది. వినబడినప్పుడే అవునన్నాను. అనుమానమొస్తే నాకు వినబడలేదని చెప్పి జీపు పిలిపించాను. ఒకసారి అట్లా పెద్దాసుపత్రికి పంపితే అక్కడ బిడ్డ గుండె బ్రహ్మాండంగా కొట్టుకుందట. ఆ అత్తగారు తిరిగొచ్చి నాకు చెవిటి సిస్టర్ అని పేరు పెట్టింది. ఆ పేరు ఊరూరా తిరిగింది. అందుకు నేనెప్పుడూ బాధపడలేదు.

ఒక్కదానికే బాధ. ఆ మధ్యాహ్నం మూడోసారి నేను విన్నది నిజమేనా అని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నిజమే, విన్నానని చెప్పుకుంటాను. కానీ ఆ మాట చెబుతున్నది నేనే కదా, నమ్మలేకపోతున్నాను.