మాంత్రికుడి కంట్లో తెల్లచుక్క

మొన్నామధ్య మా మేనల్లుడు కర్నూలు నుంచి వచ్చి, బొటనవేలంత మాంత్రికుడి బొమ్మ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. వాడూ వాడి స్నేహితులూ బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఏదో ఆటలో రాక్షసులూ, రెక్కల పాములూ, ఇలాంటి గడ్డాల మాంత్రికులూ ఉంటారట. ఈ బొమ్మ చేతిలో ఉన్న లాంతరు నిజంగా వెలుగుతున్నట్టు, ఆ వెలుగు గడ్డం మీదా అంగీ మడతల మీదా పడుతున్నట్టు రంగులు వేయాలట. నంద్యాలలో ఒంటరిగా ఉన్న ముసలాడికి కాలక్షేపమవుతుందని వాడి ఉద్దేశం. ఆ పని నాకు కొత్త కాదని వాడికి తెలియదు.

వాడు పుట్టకముందు ఆళ్ళగడ్డలో మా మేనమామ దగ్గర బొమ్మలకు రంగులు వేసేవాణ్ణి. ఊరికి పేరు తెచ్చింది రాతిపని. మాది మాత్రం ప్లాస్టర్ బొమ్మల రేకుల షెడ్డు, అందుకని ఉలి పట్టినవాళ్ళు మమ్మల్ని సున్నపోళ్ళని ఎగతాళి చేసేవారు. అహోబిలంలో యాత్రికులు కొనుక్కునే జానెడు నరసింహస్వాములు మా దగ్గర తయారైనవే. పసుపు ముఖం, ఎర్ర నాలుక, అన్నీ ఒకే తీరు. వయసు పొగరు కదా, నాకది నచ్చలేదు. స్తంభం పగిలినప్పుడు లోపలినుంచి నిప్పులాంటి వెలుగు వచ్చి ఉండదా, అది స్వామి మీద పడి ఉండదా అని పట్టుబట్టాను.

వెలుగు ఎక్కడ పడుతుందో చూడాలంటే ముందు చీకటి కావాలి. మిట్టమధ్యాహ్నం షెడ్డు కిటికీకి గోనెపట్ట కట్టి, తలుపు ఓరగా వేసి, బయట మా అత్త చింతపండు గింజలు తీస్తూ కాపలా కూర్చుంటే, లోపల మామ కూతురు మూడు సెల్లుల టార్చిని బొమ్మకు కిందినుంచి పట్టుకునేది. ఆ టార్చి బరువెంతో మన ఈడువాళ్ళకు చెప్పక్కరలేదు. చెయ్యి కదిలితే నీడలన్నీ కదులుతాయి కాబట్టి ఆ పిల్ల చెమటలు కారుతున్నా తుడుచుకోకుండా నిలబడేది. దవడలూ పొట్టా గోళ్ళూ వెలిగాయి, నుదురూ కళ్ళూ చీకట్లో పడ్డాయి. చూసింది చూసినట్టే వేసి, జీపు నిండా బొమ్మలు పంపించాను.

మూడోనాటికి అన్నీ తిరిగొచ్చాయి. అహోబిలంలో అంగడి పెట్టుకున్న ముసలమ్మ తనే వెంట వచ్చింది. "స్వామి కండ్లు యాడుండాయప్పా? కండ్లు కనపడకుండ దండం ఎవురికి పెట్టేది?" అని అడిగింది. మామ పసుపు రంగు డబ్బా మూత తీసి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏడుపొక్కటే తక్కువగా కూర్చుని ఉంటే, మామ కూతురు మళ్ళీ టార్చి తెచ్చి వెలిగించింది. నేను బొమ్మను చూస్తున్నాను, ఆమె నన్ను చూస్తోంది. "చీకట్లో ఉన్నా నీ కండ్లు మెరుస్తాండాయి బావా" అంది. టార్చి వెలుగు నా కంట్లో చిన్న చుక్కగా పడుతోందన్నమాట. సన్నకుంచెతో ప్రతి స్వామి కంట్లోనూ ఒక తెల్లచుక్క పెట్టుకుంటూ పోయాను. తిరుగు జీపు కోసం కూర్చున్న ముసలమ్మ ఒక బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, చెంపలేసుకుని, అన్నీ మళ్ళీ ఎక్కించుకుంది. మరుసటేడు మామ కూతుర్నే చేసుకున్నాను. ఆ తర్వాత ఏ బొమ్మకు రంగు వేసినా దీపం ఆమె చేతిలోనే ఉండేది.

ఆమె పోయి నాలుగేళ్ళు. మాంత్రికుడి గడ్డం కుదిరింది, అంగీ మడతలూ కుదిరాయి. ఫోను లైటు వేసి చెంబుకు ఆనించుకుంటున్నాను; అది కదలదు, అలసిపోదు. ఇప్పుడు అందరి జేబుల్లోనూ టార్చి ఉంది గానీ, దాన్ని పట్టుకుని ఎదురుగా నిలబడి నన్ను చూసే మనిషి నాకు లేదు. నా కళ్ళలో ఆ చుక్క ఇంకా పడుతోందో లేదో అద్దంలో చూసుకోవచ్చు, కానీ ఎందుకో చూసుకోబుద్ధి కావడం లేదు. మాంత్రికుడి కళ్ళను మాత్రం చుక్క పెట్టకుండా అలాగే వదిలేశాను. మేనల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా, రంగు ఇంకా ఆరలేదని చెబుతున్నాను.