బయట తాళం, లోపల నేను

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. రైలు కింద పడి పోయినవాళ్ళు కనిపించారన్న కథ మా గల్లీలో ఇంటికొకటి ఉంది. అవన్నీ విని నవ్విన మనిషిని నేను.

నాందేడ్‌లో నిజాం కాలం నాటి స్టేషన్ వెనకే మా ఇల్లు. ఉమ్రి, కర్ఖేలి వైపు నుంచి దవాఖానాకో, కచేరీకో వచ్చే చుట్టాలందరికీ మా ఇల్లే సత్రం. రైలు దిగగానే కాళ్ళు కడుక్కోవడం, చాయ్ తాగడం, సంచులు మా దగ్గర పెట్టి పోవడం. పదేళ్లు చేసి చేసి విసుగొచ్చింది. రైలు వచ్చే వేళకు ముందు తలుపుకు బయట తాళం వేసి, వెనక తలుపు నుంచి లోపలికొచ్చి కూర్చోవడం నేర్చుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున పదకొండింటికి, ప్యాసింజర్ వచ్చి పోయాక, ఎవరో తలుపు కొట్టారు. చప్పుడు చేయకుండా కూర్చున్నాను.

"లచ్చిమీ, ఉన్నవా బిడ్డా? జర నీళ్లియ్యి."

మా సాయవ్వత్త గొంతు. అమ్మ పోయాక కర్ఖేలిలో నన్ను పెంచిన మేనత్త. కూలికి పోయొచ్చి, అలసిపోయిన ఆ పచ్చబొట్ల చేతులతోనే నాకు తల దువ్వేది.

లేచాను. కానీ వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఆమె కళ్ళ ముందే తాళం తీయాలి. ఏమనుకుంటుంది? సిగ్గేసి మళ్ళీ కూర్చున్నాను. సాయంత్రం ఫోన్ చేసి ఊళ్ళో లేనని చెప్దాంలే అనుకున్నాను. ఆమె మెట్టు మీద కూర్చుంది, దగ్గింది. అరగంట తర్వాత ఏమీ వినిపించలేదు.

రెండింటికి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అవ్వ పానం ఇడిసింది వదినా. తెల్లారంగనే పోయింది."

ఎన్నింటికని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే చెప్పాడు.

బయటికొస్తే ఎదురింటి మరాఠీ ఆవిడ తనంతట తానే అడిగింది. మోచేతుల దాకా పచ్చబొట్లున్న ముసలావిడ మీ మెట్టు మీద చాలాసేపు కూర్చుంది, తాళం ఉందని చెప్పినా లేవలేదు, ఎవరామె అని.

కర్ఖేలి చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. రాత్రంతా ఛాతీ నొప్పితో తిప్పలు పడిందని, పొద్దటి రైలుకు నాందేడ్ తీసుకుపొమ్మని ఒకటే అడిగిందని కోడలు చెప్పింది.

"టేషన్ కాడ నా లచ్చిమి ఉన్నది, గామె అన్ని జూస్కుంటదని అన్నది అక్కా."

అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు కూడా రాలేదు.

తర్వాత మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆ వైపు ముసలమ్మలందరికీ పచ్చబొట్లుంటాయి, వేరే ఎవరో అయ్యుంటారు అన్నాడు. కావచ్చు. మరి నా పేరు ఎట్లా తెలుసు? వచ్చింది ఎవరో నేను ఈరోజుకీ చెప్పలేను. ఎండలో వచ్చి నీళ్లడిగిన మనిషికి నేను తలుపు తీయలేదు. అది మాత్రం తెలుసు.