వ్రతంలో చిక్కిన జెడ్ బోసాన్

నేను చేసిన వెధవ పనులన్నీ వరసగా చెబితే మీకు పొద్దుపోతుంది, నాకు పరువు పోతుంది. అందుకని ఒక్కటే చెబుతాను. మా ప్రొఫెసర్‌నీ, మూడేళ్ళ పరిశోధననీ, నా వీసానీ కలిపి ఒక్క మధ్యాహ్నంలో ముంచబోయిన ఘనకార్యం అది. గుండె దిటవు చేసుకుని వినండి.

అప్పట్లో నేను కాలిఫోర్నియాలో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. సీసం కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా గుద్దించడం మా వృత్తి. గుద్దించేది ఎక్కడో ఉన్న పెద్ద యంత్రం లెండి, మేము కూర్చుని లెక్కలు చూసుకుంటాం. ఆ గుద్దుడికి ప్రోటాన్లు కరిగిపోయి, క్వార్కులూ గ్లూయాన్లూ కలిసిన సలసల కాగే పులుసు ఒకటి పుడుతుంది. దాన్ని ప్లాస్మా అంటాం. అందులోంచి బయటపడబోయే క్వార్క్‌ని అడుగడుక్కీ ఎవరో ఒకరు పట్టుకుంటారు, పాపం చాలా శక్తి దారిలోనే ఖర్చయిపోతుంది. జెడ్ బోసాన్ అనే కణానికి మాత్రం ఆ పులుసులో చుట్టాలెవరూ లేరు. దర్జాగా దాటి వచ్చేస్తుంది. ఈ రెండూ ఒకచోటే పుట్టి చెరోవైపూ పరిగెడతాయి కాబట్టి, జెడ్‌ని చూసి క్వార్క్ ఎంత శక్తితో బయల్దేరిందో, దారిలో ఎంత పోగొట్టుకుందో చెప్పేయవచ్చు. ఇంతే మా పరిశోధన.

మా ప్రొఫెసర్ పేరు గ్రెగ్. ఆరున్నర అడుగుల మనిషి, మాట మాత్రం మెత్తన. ఒక శుక్రవారం నన్ను పిలిచి అన్నాడు.

"రేపు మూడింటికి శాంటా క్లారాలో రివ్యూ. ప్యానెల్‌లో సగం మందికి ఫిజిక్స్ రాదు. వాళ్ళు సరే అనకపోతే ప్రాజెక్ట్ ఆగిపోతుంది. వాళ్ళకి అర్థమయ్యేలా రెండు నిమిషాల వీడియో ఏదైనా ఉంటే బాగుండు."

ప్రాజెక్ట్ లేకపోతే నాకు జీతం లేదు, జీతం లేకపోతే చదువు లేదు, చదువు లేకపోతే ఎఫ్-వన్ వీసా లేదు. అలాంటప్పుడు బుద్ధిమంతుడైతే ఏం చేస్తాడు? నాలుగు బొమ్మలు గీసిస్తాడు. నేనేమన్నానో తెలుసా?

"ప్లాస్మా నా దగ్గర రెడీగా ఉంది! రేపు ఫ్రీమాంట్‌లో మా సుజాతక్క ఇంట్లో వ్రతం. ఎనభై మంది తెలుగువాళ్ళు, ఒకటే లివింగ్ రూమ్. మధ్యలోంచి మీరు వీధి తలుపు వైపు, నేను పెరటి తలుపు వైపు బయల్దేరదాం. నేను వాళ్ళ మనిషిని కాబట్టి అడుగడుక్కీ ఆపేస్తారు. నేను క్వార్క్‌ని. మీరు ఎవరికీ తెలీదు కాబట్టి పది సెకన్లలో బయటుంటారు. మీరు జెడ్ బోసాన్."

గ్రెగ్ కళ్ళు మిలమిల్లాడాయి. "బ్రిలియంట్!" అన్నాడు. ఆ మాటకి నేను రెండు రోజులు భూమ్మీద నడిచేవాణ్ణి కాదేమో గానీ, అంత టైమ్ దొరకలేదు.

సుజాతక్కంటే మా పెద్దనాన్న కూతురు. ఫోన్ చేస్తే సంబరపడిపోయింది. "తప్పకుండా తీసుకురారా. కానీ కథ పూర్తయి ప్రసాదం తినందే గుమ్మం దాటకూడదు, గుర్తుందిగా?"

"గుర్తుందక్కా" అన్నాను. నిజంగానే గుర్తుంది. కాకపోతే ఆ రూలు అమెరికా వాళ్ళకి వర్తించదనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

మర్నాడు పన్నెండూ యాభైకి, రెండో కథ అయ్యి అందరూ కాస్త లేచినప్పుడు, హాలు మధ్యలో నేనూ గ్రెగ్ వీపూ వీపూ ఆనించి నిలబడ్డాం. అక్క కూతురు శ్రియ మెట్ల మీద నుంచి ఫోన్‌తో వీడియో తీస్తోంది.

"మామా, నువ్వు క్వార్క్, హీ ఈజ్ ద బోసాన్, రైట్? ఓకే, గో!"

కదిలాను. రమణ అంకుల్ ఎదురొచ్చాడు. ఇక పట్టుకుంటాడని నేను నవ్వు ముఖం పెట్టానో లేదో, ఆయన మోగని ఫోన్ చెవికి పెట్టుకుని "హలో, హలో" అంటూ పక్కకి తిరిగాడు. పద్మ ఆంటీ నన్ను చూసి గబుక్కున వంటింట్లోకి మళ్ళింది. జనం రెండు పాయలై నాకు దారిచ్చారు. ఎనిమిది సెకన్లలో పెరట్లో, నిమ్మచెట్టు పక్కన ఒంటరిగా ఉన్నాను.

లోపలికొచ్చి శ్రియని అడిగాను. "ఇదేంటే, ఒక్కరూ ఆపలేదు?"

"మామా, లాస్ట్ టైమ్ నువ్వు అందరికీ ప్లాస్మా ఎక్స్‌ప్లెయిన్ చేశావ్. ఫర్ వన్ అవర్. ఎవ్రీవన్ భయపడ్డారు."

సరే, నా సంగతి వదిలేయండి. గ్రెగ్ ఏమయ్యాడు? నాలుగడుగులు వేశాడు, అంతే. రమణ అంకుల్ ఫోన్ జేబులో పడేసి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, మావాడు ఇలెవెన్త్ గ్రేడ్. ఫిజిక్స్ అని అప్లై చేస్తే అడ్మిషన్ ఈజీయా?"

"అయ్యో, అడ్మిషన్ తర్వాత, ముందు ఆయన్ని కూర్చోనివ్వండి. ముఖం ఎలా వాడిపోయిందో!" అంటూ పద్మ ఆంటీ నుదుట బొట్టు పెట్టేసింది. ఇంకెవరో చేతికి తోరం కట్టారు. మరెవరో చాప వేశారు. అంత మనిషీ మోకాళ్ళు చెవులకి తగిలేలా మడిచి కూర్చున్నాడు. పంతులుగారు గొంతు సవరించుకుని, "మూడో కథ మొదలవుతోంది, ఎవరూ లేవరాదు" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అక్కా, మూడింటికి మీటింగ్! ఆయన్ని వదిలెయ్యక్కా, నీకు పుణ్యముంటుంది."

"నోర్ముయ్. ప్రసాదం తినకుండా పోతే ఏమవుతుందో కథలోనే ఉంది. ఓడ మునిగింది."

"ఆయన కార్లో వెళ్తాడక్కా!"

"కారైనా మునుగుతుంది."

"ఫ్రీవే మీదా?"

"నీకు నమ్మకం లేకపోతే పోరా, ఆయన్ని ముంచకు."

గ్రెగ్ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి గడియారం చూపించాను. శ్రియ ఆయనకి కథ ఇంగ్లీషులో చెబుతోంది. "ఉండు," అన్నాడు నా మీద విసుక్కుంటూ, "ఓడ ఏమైందో తేలాలి."

ఓడ తేలింది, ఐదు కథలూ అయ్యాయి. కానీ దేవుడు వదిలినా ఆంటీలు వదలరు. ఒక్కొక్కరూ ఒక్కో గరిటె ప్రసాదం, ఆపైన పులిహోర, ఆపైన "దారిలో తినండి" అని డబ్బాలు. ఇక గుమ్మం దగ్గర ఎనభై జతల చెప్పుల్లో ఆయన బూట్లు కనపడలేదు. చివరికి మా బావ చెప్పుల్లో సగం పాదాలు దూర్చుకుని, మడమలు నేల మీద ఈడ్చుకుంటూ కారెక్కాడు. టైమ్ రెండూ ముప్పై అయిదు.

ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. గ్రెగ్ శ్రియ పంపిన వీడియో చూస్తూ అన్నాడు. "నువ్వు ఎనిమిది సెకన్లు. నేను గంటా నలభై అయిదు నిమిషాలు. మన థియరీ తలకిందులైంది."

నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. వీసా పోతుందని సగం, అంతమందిలో ఒక్కరూ "ఏరా, బాగున్నావా" అనలేదని సగం. స్టీరింగ్ పట్టుకుని ముక్కు ఎగబీలుస్తుంటే గ్రెగ్ ఒక లడ్డూ అందించాడు.

మూడూ ఇరవైకి ప్యానెల్ ముందు నిలబడ్డాం. అయిదుగురూ గడియారం చూసుకుంటున్నారు. వేరే వీడియో లేదు కాబట్టి అదే వేశాం. వాళ్ళలో ఒక పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. "ఇందులో క్వార్క్ ఎవరు?"

నేను నోరు తెరిచేలోగా గ్రెగ్ ముందుకొచ్చాడు.

"నన్ను చూడండి. బూట్లు పోయాయి. మూడింటికి రావాల్సినవాణ్ణి ఇప్పుడొచ్చాను. నుదుట ఎరుపు, చేతికి దారం, పొట్టలో ఎనిమిది గరిటెలు. దారిలో తగిలిన ప్రతివాళ్ళూ నన్ను మార్చేశారు. క్వార్క్‌ని నేను." నా భుజం మీద చెయ్యి వేశాడు. "జెడ్ బోసాన్ ఇతను. సొంతవాళ్ళు ఎనభై మంది మధ్యలోంచి వెళ్ళాడు. ఎలా వెళ్ళాడో అలాగే బయటికొచ్చాడు. ఇతను ఇంత సులువుగా వచ్చాడు కాబట్టే నేనెంత పోగొట్టుకున్నానో మీకు తెలుస్తోంది."

ప్యానెల్ పగలబడి నవ్వింది. పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ, "మొదటిసారి అర్థమైంది" అని పులిహోర డబ్బా తన వైపు లాక్కుంది. ప్రాజెక్ట్ నిలిచింది, నా వీసా నిలిచింది.

మర్నాడు సుజాతక్క ఫోన్. "మీ గ్రెగ్ గారు ఎంత కలుపుగోలు మనిషిరా! వచ్చే నెల పద్మ వాళ్ళింట్లో వ్రతానికి పిలిచారు, వస్తానన్నారు."

"మరి నేనో?"

"నువ్వు రాకపోతే ఎలారా? ఆయన్ని డ్రైవ్ చేసుకుని ఎవరు తెస్తారు?"

కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఈ దేశంలో ఏ తెలుగింట్లోనైనా, ఏ పెద్దమనిషైనా పొరపాటున "ఏం చదువుతున్నావు బాబూ?" అని అడిగితే, ప్లేటు గట్టిగా పట్టుకుని, తల వంచుకుని, "కంప్యూటర్స్ అండీ" అంటాను.